చెప్పులు కుట్టుచు చెప్పిన బ్రదుకులు
(నెల్లూరు తీరపు క్రైస్తవ జీవిత చరిత్రలపై ఒక పరిశీలనము)

నెల్లూరనగానే తెలుగు విద్యార్థికి తిక్కన జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ మహాకవి సంచరించిన పెన్న యొడ్డుననే, ఆరువందల యేండ్లకు పిమ్మట, 1840లో శామ్యూల్ డే అను అమెరికా బాప్టిస్టు మిషనరీ కాపుర మేర్పరచుకొనెను. అది మొదలు నలుబదేండ్లలో ఆ తీరమున నిరుపేదల బ్రదుకులలో గొప్ప మార్పు సంభవించినది. దానిని గూర్చి చరిత్రకారులు వ్రాసిరి, సంఘశాస్త్రజ్ఞులు వ్రాసిరి, మిషను వారు తమ నివేదికలలో విస్తారముగా వ్రాసికొనిరి. సాహిత్య విమర్శకులు మాత్రము ఆ రచనలను తమ పొలిమేరలోనివిగా అంతగా ఎంచలేదు.

ఆత్మకథా ప్రక్రియను బోధించుచుండగా ఒకనాడు ఒక విద్యార్థి మమ్ము ఇట్లడిగెను: “తన్ను గూర్చి ఒక్క పుటయైనను వ్రాసికొనని మనుష్యునకు జీవితచరిత్ర యుండునా? ఉన్నచో అది బ్రదికినవానిదా, వ్రాసినవానిదా?” నాడు తరగతిలో మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుకొను ప్రయత్నము.

ఇందు పరిశీలించు గ్రంథములు రెండు. రెండును ఆంగ్లమున వ్రాయబడినవే. మొదటిది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’. తెలుగున ‘చెప్పులు కుట్టుచు’ అనవచ్చును. రెండవది 1914లో వెలువడిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’, అనగా ‘ప్రాగ్దేశమున సాంఘిక క్రైస్తవము’. ఇది ఆమె భర్తయైన జాన్ ఎవరెట్ క్లౌ జీవితకథ. ఆయన 1910లో గతించెను. గ్రంథము ఆయన స్వయముగా చెప్పుచున్నట్లు ‘నేను’ అనియే సాగును గాని, దానిని వ్రాసి రూపుదిద్దినది ఆమె.

విశ్వాసము ఒక బ్రదుకునకు అర్థము నిచ్చినదని చెప్పుట సులభము. ఆ అర్థము ఏ పనిలో కుదురుకొన్నదో, దేనిని విడనాడుట వలన నిలిచినదో, దానికై ఎవ్వరేమి కోల్పోయిరో చూపుట కష్టము. మొదటి గ్రంథము ఈ కష్టమైన పనిని చాలవరకు నెరవేర్చినదనియు, రెండవది పెక్కుచోట్ల సులభమైన దానితో తృప్తిపడినదనియు మా యభిప్రాయము. దీనిని నిరూపించుటకు ముందు ఈ కథలకు నేపథ్యమైన మిషను వృత్తాంతమును క్లుప్తముగా స్మరింపవలసి యున్నది.

2

డే 1836లో భారతదేశమునకు వచ్చెను; నెల్లూరు చేరినది 1840లో. లైమన్ జ్యూయెట్ 1849లో వచ్చెను. ఎన్ని యేండ్లు పాటుపడినను ఫలము స్వల్పము. 1853లో అమెరికాలో జరిగిన వార్షిక సభయందు ఈ మిషనును మూసివేయుదమా యను చర్చ వచ్చినది. దేశపటమున ఒంటరిగా కనబడు ఈ కేంద్రమును ఒకరు ‘ఒంటి చుక్క’ యనగా, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ పేరుతోనే ఒక గేయము వ్రాసెను, మిషను నిలిచినది. 1854 జనవరి మొదటి తేదీ వేకువను జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు చెంతనున్న కొండ నెక్కి ప్రార్థించిరి. 1862లో మరల మూసివేత ప్రస్తావన వచ్చినప్పుడు, ఎవరు పంపకున్నను తాను తిరిగి పోవుదునని జ్యూయెట్ పట్టుబట్టెను. 1865లో అతనితో క్లౌ వచ్చెను. 1867 జనవరి మొదటి దినమున ఒంగోలు సంఘము ఎనమండుగురు సభ్యులతో ఏర్పడినది.

ఒంగోలు ఆ కాలమున నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. 1970లో నేటి ప్రకాశము జిల్లాకు కేంద్రమైనది. కావున మన కథ నేటి సరిహద్దులను బట్టి రెండు జిల్లాలది యైనను, నాటి లెక్కను ఒకే తీరమునది.

ఈ వృత్తాంతమునకు మిషను సాహిత్యమున స్థిరపడిన రూపమొకటి గలదు. విత్తినవాడు దీర్ఘకాలము నిరీక్షించెను. తుదకు పంట పండెను. అనునది ఆ రూపము. కథనముగా ఇది బిగువైనదే. ఒంటి చుక్క, వేకువ ప్రార్థన, మూసివేత భయము, తుదకు అపారమైన ఫలము. నాటకమునకు కావలసిన సంధులన్నియు ఇందున్నవి. కాని ఇందు కర్తలెవ్వరు? నిరీక్షించువారు, విత్తువారు, కోయువారు. తెలుగువారు ఈ కథలో పంట. పంటకు పూర్వచరిత్ర యుండదు. తాను పండవలెనని అది నిశ్చయించుకొనదు. ఒక జనసమూహము తన బ్రదుకునకు గురిని తానే ఏర్పరచుకొన్న వైనమును ఈ రూపకము చెప్పజాలదు. విమర్శకుడు ముందుగా గుర్తింపవలసిన లోపమిది.

3

ఎమ్మా క్లౌ తొలి గ్రంథము ఈ రూపకము నుండి తప్పించుకొనినది. దానికి కారణము ఆమె విద్యయే కావచ్చును. జర్మను వంశమున బుట్టిన ఈమె 1882లో మిషనరీగా భారతదేశమునకు వచ్చినది. తరువాత స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి, స్త్రీల హక్కులకై వాదించిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌ను గూర్చిన సిద్ధాంత గ్రంథమునకు డాక్టరు పట్టమును పొందినది. 1894లో క్లౌను వివాహమాడినది. భావముల పుట్టుపూర్వములను అన్వేషించుటలో శిక్షణ గల ఈ విదుషి, మాదిగపల్లెల పెద్దలను, బోధకులను కూర్చుండబెట్టి వారి కథలను విన్నది.

గ్రంథ నిర్మాణమే ఇందుకు సాక్ష్యము. మిషనరీ రాకతో ఇది ఆరంభము కాదు. అరుంధతీ వృత్తాంతము, మాతంగి ఆరాధన, ఊరి చాకిరి, కులవృత్తి, వైష్ణవ గురువులు, యోగమార్గపు శిష్యులు, ఇన్ని గడచిన పిమ్మటగాని క్రైస్తవ బోధ రంగమునకు రాదు. పుస్తకమునకు పెట్టిన పేరు కూడ ఈ దృష్టిని తెలుపుచున్నది. ముక్తిని గూర్చిన మాట ఇచట మఠమున గాని, పీఠమున గాని పుట్టలేదు. తోలు చేతబట్టి చెప్పులు కుట్టుకొనుచు, పని యాపకయే, వారు పరమును గూర్చి మాటాడుకొనిరి.

ఈ గ్రంథమునకు ప్రాణము యెర్రగుంట్ల పేరయ్య కథ. ఒంగోలుకు పడమటనున్న మెట్టపల్లెలలో తోళ్ళ వ్యాపారము చేసిన మాదిగ యితడు. క్రైస్తవ మతమును వినుటకు పూర్వమే ఆత్మజ్ఞానమునకై తపించినవాడు. ఆ ప్రాంతపు మాదిగలలో రాజయోగమును ఉపదేశించిన వీరమ్మ అను స్త్రీ గురువు ఉండెను; పేరయ్యయు ఆ మార్గమున నడచిన శిష్యుడే. వ్యాపారమునకై ఉత్తరపు సీమలకు పోయినప్పుడు క్రైస్తవ బోధ అతని చెవిని పడినది. 1866లో బాప్తిస్మము పొందెను. మరుసటి జనవరిలో తన ఊరికి క్లౌను రప్పించెను. అంతకు మునుపే అతడు ఊరూర తిరిగి చెప్పినందున, చుట్టుపట్ల జనులు మూటలు గట్టుకొని వచ్చి యుండిరి; కొన్ని దినముల బోధకు పిమ్మట ఇరువది యెనమండుగురు బాప్తిస్మము పొందిరి.

ఈ సంఘటనమును మిషను కథగా చదివినచో ఇది తొలి పంట. పేరయ్య కథగా చదివినచో దీని స్వరూపమే వేరు. దొర రాకకు ముందే పొలము దున్నినవాడు పేరయ్య. గురువును వెదకుట, ఉపదేశము గైకొనుట, గైకొన్నదానిని దాచుకొనక తనవారికి పంచుట, ఇవి యన్నియు అతడు క్రైస్తవుడు కాకపూర్వమే అలవరచుకొన్న నడవడికలు. క్రీస్తు విశ్వాసము అతనికి గురిని చూపినదనుట నిజము. నడక మాత్రము అతనికి ముందే యున్నది. గురిని పొందిన పిమ్మట ఆ నడక తన మోక్షముతో ఆగక, పల్లె యంతటి విమోచనమునకై సాగినది. అతని బ్రదుకులో క్రైస్తవ మతము తెచ్చిన నిక్కమైన మార్పు ఇదియే యని మేము తలచుచున్నాము.

ఇట్టి కథనము తెలుగు సాహిత్యమునకు క్రొత్త కాదు. పదుమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మాదార చెన్నయ్య వంటి భక్తుల చరిత్రములను చెప్పెను. అందును కులవృత్తి విడువని భక్తి గలదు. పనిలోనే పరమేశ్వరుని సేవించుట గలదు. కాని ఒక భేదమును గమనింపవలెను. సోమనాథుని భక్తుడు తొలిసారి కనబడునప్పటికే పరిపూర్ణుడు. కథ అతని మహిమను వెల్లడించుటకే నడచును. ఎమ్మా క్లౌ చెప్పిన పేరయ్య మార్పు చెందును, సందేహించును, ఒక మార్గము నుండి మరొక మార్గమునకు పోవును. పురాణ పద్ధతి భక్తునికి, ఆధునిక జీవితచరిత్ర నాయకునికి నడుమ నున్న యెడమును మన విద్యార్థులకు బోధింపవలెనన్న ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివించుట మేలు.

గ్రంథమున దోషములు లేకపోలేదు. ఉపశీర్షికలోనే ఒక పొరపాటున్నది. మాదిగలను ఆమె ‘తెలుగు పెరయా తెగ’ యన్నది. పఱైయర్ అనునది తమిళదేశమున ఒక కులము పేరు. దొరలు దానిని అస్పృశ్యుల కందరకు అంటగట్టిరి. మాదిగ లొక అడవితెగయు గారు. ఊరి వ్యవస్థలో మోటకు, కాడికి, కాళ్ళకు కావలసిన తోలు నిచ్చిన వృత్తికులము వారు. పుస్తకము లోపల ఈ సంగతినే వివరముగా చెప్పిన రచయిత్రి ముఖపత్రమున దానిని మరచుట ఆంగ్ల పాఠకుల అలవాటునకు లొంగుటయే.

రెండవ దోషము ఇంకను గంభీరమైనది. పూర్వపు గురుమార్గములను ఆమె క్రైస్తవమునకు ఎక్కించు మెట్లుగా ఎంచినది. వీరమ్మ వంటి స్త్రీ గురుపీఠమున నుండగలిగిన సంప్రదాయము నుండి జనులు క్రొత్త సంఘమునకు వచ్చిరి. ఆ సంఘమున బైబిలు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి బోధించిరి గాని, అభిషేకము పొంది బాప్తిస్మమిచ్చినవారు పురుషులే. స్త్రీకి ఈ మార్పులో లభించిన దేమి, పోయిన దేమి? వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై సిద్ధాంత గ్రంథము వ్రాసిన లేఖిని ఈ ప్రశ్న యొద్ద ఆగకుండుట ఆశ్చర్యము. పేరయ్యతో కూడ నడచిన అతని భార్య ఈ కథలో నీడవలెనే మిగిలినది.

4

అర్థవంతమైన జీవితమన నేమి? వేదాంత గ్రంథములలో దీనికి పెక్కు సమాధానములు గలవు. ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలలో ఈ ప్రశ్న మూడు నియమముల రూపమున వచ్చినది. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. పై చూపునకు ఇవి మామూలు మతాచార నిషేధములుగా కనబడును. వీని బరువు తెలియవలెనన్న నాటి ఊరి కట్టుబాటు తెలియవలెను.

మాదిగ ఊరికి చాకిరి చేయువాడు. చచ్చిన గొడ్డును లాగుకొనిపోవుట, తోలుదీయుట, రైతులకు చెప్పులు, మోటతోళ్ళు ఇచ్చుట, జాతరలో గ్రామదేవత ముందు డప్పు కొట్టుట అతని విధులు. ప్రతిఫలము కళ్ళమున కొలుచు మేర. ఆదివారము పనికి రానన్న నాడు రైతు కోపించును. డప్పు కొట్టనన్న నాడు ఊరెల్ల కోపించును. దేవత ఆగ్రహించి రోగములు తెచ్చునని భయపడును. చచ్చిన గొడ్డును తిననన్న నాడు కరువు దినములలో ఆకలియే గతి. కనుక ఈ మూడు నియమములలో ఏ ఒక్కటి పాటించినను ఊరితో తగవు తప్పదు. బావి నీరు కట్టివేయుట, మేర ఆపుట, కొట్టుట, అబద్ధపు కేసులు పెట్టుట, ఇట్టి బాధలు రెండు గ్రంథములలోను కానవచ్చుచున్నవి.

ఇచట విశ్వాసము మనశ్శాంతి కొరకు తలలో దాచుకొను భావము కాలేదు. వారమున కొక దినము తనదని చెప్పుకొనుట, తన కంచములోని కూటిని తాను నిర్ణయించుకొనుట, తన డప్పు ఎవరికై మ్రోగవలెనో తానే తేల్చుకొనుట. ఇవి యన్నియు తరతరములుగా తన కాలముపై, తన నోటిపై, తన చేతిపై అధికారము లేనివాడు ఆ అధికారమును పుచ్చుకొను చర్యలు. ఇట్టి బ్రదుకునకే ‘ఉద్దేశము గల జీవితము’ అను మాట సార్థకమగునని మా తాత్పర్యము. అయితే ఇందొక చిక్కు గలదు. ఆ డప్పు కేవలము దాస్యచిహ్నమే కాదు. అది వారి కళ కూడ. విగ్రహారాధనతో దానిని విడనాడినప్పుడు మాతంగి కథలు, పాటలు, ఆటలు కొంత మరుగున పడక తప్పలేదు. ఆ కథలను క్రైస్తవ గ్రంథమే అచ్చువేసి నిలిపినదనుట చరిత్రలోని వింత.

రెండవ గ్రంథమున దీనికి సంబంధించిన ఘట్టమొకటి ప్రసిద్ధము. ఒంగోలు వచ్చిన క్రొత్తలో అగ్రవర్ణముల బాలురు క్లౌ పాఠశాలకు వచ్చుచుండిరి. మాదిగలు సంఘమున చేరుట చూచి వారు తాము మానివేయుదు మనిరి. ఎవరిని విడువవలెను? క్లౌ ఒక గదిలోను, ఆయన మొదటి భార్య హారియెట్ మరొక గదిలోను, ఒకరి సంగతి ఒకరెరుగక, బైబిలు తెరచిరట. ఇరువురికిని కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో, లోకము హీనమని త్రోసినవారినే దైవము కోరుకొనునను భావము గల తావు కంటబడినదట. అంతట మాదిగల పక్షముననే నిలువ నిశ్చయించుకొనిరి.

కథనముగా ఇది రమ్యమైనదే. కాని విమర్శకుడు అడుగవలసినది వేరు. నిశ్చయము పుస్తకము తెరచిన క్షణమున జరిగినదా, లేక చింతచెట్ల క్రింద మూటలతో కూర్చున్న జనమును చూచిన నాడే జరిగినదా? 1914 నాటి గ్రంథము అద్భుతమును ముందునకు తెచ్చి, ఆ జనపు ఒత్తిడిని వెనుకకు నెట్టినది. చెప్పుటకును చూపుటకును గల భేదమని మేము మొదట నన్నది ఇట్టిదే.

5

ధాత కరువు ఈ తీరమును 1876 మొదలు 1878 వరకు పీడించినది. ఆ కాలమున ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాం కాలువను త్రవ్వించినది. తీరము వెంబడి సాగి ఉత్తరపు జలమార్గములను మద్రాసుతో కలుపు కాలువ యిది. యౌవనమున అమెరికాలో భూమి కొలతల పని నేర్చిన క్లౌ, మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు గైకొని వేలమందికి కూలి యిప్పించెను. బోధకులు మేస్త్రీలైరి. పగలు పని చేయించిన నోటితోనే విరామ వేళ క్రీస్తును గూర్చి చెప్పిరి.

ఈ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారిని క్లౌ సుమారు పదునైదు మాసములు నిరాకరించెను. సహాయధనము పంచుట ముగిసిన పిమ్మట, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పిన పిమ్మటగాని అంగీకరింపలేదు. 1878 జూలై 2వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వేలంపల్లి చెంత 614 మంది, మరునాడు 2,222 మంది, ఆ మరునాడు 700 మంది, వెరసి 3,536 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో దిగి ఇచ్చినవారు అభిషిక్తులైన బోధకులు, ఇరువురు చొప్పున మార్చుకొనుచు; క్లౌ దిగలేదు. ఆ సంవత్సరాంతమునకు సంఖ్య 9,606కు చేరినది.

ఈ సంఖ్యలను చూచినవెంటనే ఒక ఆక్షేపణ పుట్టును: ఇది కూటికై పుచ్చుకొన్న మతమని. నాడును అన్నారు, నేడును అనుచున్నారు. ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ప్రాణము నిలిపిన చేతిపై కృతజ్ఞత కలుగుట సహజము. కృతజ్ఞతను, విశ్వాసమును త్రాసునందు వేరువేరుగా తూచుట ఎవరి తరము? కూలి ఆగిన పిమ్మట వచ్చిరనునది బలమైన సాక్ష్యమే గాని, మరల కరువు వచ్చినచో ఆదరణ యుండునను ఆశ వారి మనసులలో లేదని దానివలన రుజువు కాదు.

అయినను ఈ ఆక్షేపణను తెలుగు సాహిత్యపు తులలో నుంచి చూడవలెను. తిక్కన తన నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధి కంకిత మిచ్చెను. భారతమును హరిహరనాథున కిచ్చెను. ఒకే జీవితమున రాజాశ్రయమును, దైవభక్తియు కలసియే యున్నవి. రాజు పెట్టిన కూడు తినుటవలన కవి భక్తి కల్ల యని మనలో ఎవ్వరును అనము. రాజులకు కావ్యములిచ్చి అగ్రహారములందిన కవుల భక్తిని గూర్చి మన పీఠికలలో పుటలు పుటలు వ్రాయుచున్నాము. మరి కాలువ త్రవ్వి కూలి యందినవాని భక్తి దగ్గర మాత్రము నిర్మలమైన ఉద్దేశమును ఏల కోరుచున్నాము? ఉద్దేశము యొక్క పరిశుద్ధిని పేదవాని యొద్దనే పరీక్షించు విమర్శ న్యాయమైన విమర్శ కాదు. పరీక్షింపదగినది మరొకటి గలదు: ఆ దినమున నీటిలో దిగినవారు తరువాతి యేండ్లలో ఎట్లు బ్రదికిరి? పిల్లలను బడికి పంపిరా? పై చెప్పిన మూడు నియమములకై దెబ్బలు తినిరా? ఈ ప్రశ్నలకు సమాధానము పల్లె పల్లెకు వేరు. ఆ పల్లెల చరిత్రలలో వెదకవలెను. రెండవ గ్రంథము సంఖ్యల యొద్ద ఉప్పొంగి, ఈ ప్రశ్నల యొద్ద తొందరపడినది.

దాని ప్రశంసనీయాంశము ఒకటి చెప్పక తప్పదు. ఎమ్మా సోదరుడైన వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో సాంఘిక సువార్త యను ఉద్యమమునకు ప్రముఖుడు. ఆ దృష్టి ఈ గ్రంథనామమునందే కనబడుచున్నది. ఆ దృష్టి వలననే, మాదిగపల్లెలలో మతము ఒక్కొక్కరి అంతరంగ నిర్ణయముగా గాక, కుటుంబములు, పెద్దలు కూడి మాటాడుకొని చేసిన నిర్ణయముగా నడచినదను సత్యమును క్లౌ కథ గుర్తించినది. వారి పెద్దరికములను కూలద్రోయక సంఘమున కాధారముగా నిలుపుకొనినది. ఇచట ప్రక్రియకు సంబంధించిన వైరుధ్యము స్పష్టము. ‘నేను’ అని చెప్పు ఆత్మకథలో, ‘మేము’ అని బ్రదికిన జనము కథ ఇముడవలసి వచ్చినది. ఆ ‘నేను’ కూడ భార్య లేఖినితో వ్రాయబడినదే.

6

చివరి సమస్య భాషది. పేరయ్య మాటాడినది తెలుగు. వీరమ్మ ఉపదేశించినది తెలుగు. గుండ్లకమ్మ యొడ్డున వేలమంది పలికిన జవాబులు తెలుగు. మనకు ఈ గ్రంథములలో దక్కినది ఆంగ్లము. ‘గురువు’ వంటి మాటలు ఆంగ్ల వాక్యముల నడుమ అక్కడక్కడ మిగిలినవి. తక్కిన దంతయు అనువాదమున కరగిపోయినది. అదే శతాబ్దమున జీవించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కులమున పుట్టి, చదివి, క్రైస్తవుడై కీర్తనలు వ్రాసెను. అవి నేటికిని ఆంధ్ర క్రైస్తవ సంఘములలో పాడబడుచున్నవి. ఆయన విశ్వాసము ఆయన తెలుగులోనే మనకు వినబడును. జాషువ ‘క్రీస్తు చరిత్ర’ 1964లో సాహిత్య అకాడమీ బహుమానమందినది. పద్యము చేతనైనవాని విశ్వాసమునకు సాహిత్యచరిత్రలో చోటు దొరకినది. చెప్పులు కుట్టిన చేతివాని విశ్వాసము పరభాషలో పరాయి యింట నున్నది.

కావున మా విద్యార్థి ప్రశ్నకు మేమిప్పుడిట్లు చెప్పుదుము. వ్రాయనివానికి జీవితచరిత్ర యుండును, అది బ్రదికినవానిదే. వ్రాసినవారు దానికి ధర్మకర్తలు. ధర్మకర్త సొమ్మును ఎంత నమ్మకముగా కాపాడెనో లెక్క చూచుట విమర్శకుని పని. ఆ లెక్కలో ‘చెప్పులు కుట్టుచు’ చాలవరకు నెగ్గినది. సొమ్ము హక్కుదారుల పేర్లు, వారి పూర్వగురువులు, వారి వృత్తి, వారి తపన అందు భద్రముగా నున్నవి. రెండవ గ్రంథము విలువైనదే గాని, పద్దులు ఎక్కువగా ధర్మకర్త పేరనే వ్రాయబడినవి.

తెలుగు శాఖలు చేయవలసిన పనియు ఇందుండి తేలుచున్నది. మొదటి గ్రంథమునకు వివరణలతో కూడిన తెలుగు అనువాదమును సిద్ధము చేయవచ్చును. అనువదించునప్పుడు ఆంగ్లపు మాటకు మాట పెట్టక, ఒంగోలు, కనిగిరి, కందుకూరు పల్లెల వాడుకను విని, పేరయ్య పలికియుండదగిన తెలుగును వెదకవలెను. 1872లో వేదాంత పాఠశాల వెలసిన రామాయపట్నము మొదలుగా తీరపు పల్లెలలో వృద్ధులు చెప్పుకొను బోధకుల కథలను, పాడుకొను పాటలను సేకరింపవలెను. డప్పు విడిచిన యింటను, విడువని యింటను కూడ వినవలెను. ఒక పక్షము మాత్రమే విన్న సేకరణ మరల పంట కథయే యగును.

బకింగ్‌హాం కాలువ నేడు పెక్కుచోట్ల పూడినది. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు మాత్రము దానికి నిలిచినది. ఆ మూడున్నర మైళ్ళు త్రవ్వినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు. వారిలో కొందరి పేర్లు, మాటలు, ఆశలు నూరేండ్ల నాటి ఒక ఆంగ్ల గ్రంథమున నున్నవి. వానిని తిరిగి తెలుగులోనికి తెచ్చుటకు పూనుకొను పరిశోధక విద్యార్థికి మా శాఖలో చేతనైన సహాయము చేయ సిద్ధముగా నున్నాము.